కోరింగ మడ వెనక ఉప్పు చిత్తడి: ఉపగ్రహ చిత్రాలతో మ్యాప్ తయారీ, ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 2024: ఏం వెతుకుతున్నాం

కాకినాడ నుంచి యానాం వైపు వెళ్తుంటే చొల్లంగి దగ్గర్నుంచి ఎడమచేతి వైపు మడ అడవి మొదలవుతుంది. కోరింగ అభయారణ్యం గురించి అందరికీ తెలుసు. చెక్క వంతెన మీద నడిచినవాళ్ళు, పడవెక్కి హోప్ ఐలాండ్ దాకా పోయొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. అయితే మడకీ ఊళ్ళ గట్లకీ మధ్య ఇంకో నేల ఉంది. అక్కడికి పోటు నీరు రోజూ రాదు, అమావాస్య పౌర్ణములకు వచ్చిపోతుంది. మిగతా రోజుల్లో ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పుకి తెల్లమడ కూడా గిడసబారిపోతుంది. అలాంటి చోట మోకాలెత్తు కూడా లేని మొక్కలు నేలంతా పరుచుకుని బతుకుతాయి. ఇలకూర, సెసూవియం, సాలికోర్నియా, కాలువల అంచుల్లో దబ్బగడ్డి. ఇదీ ఉప్పు చిత్తడి. దీనికి మ్యాప్ గీయడమే మా పని.

మడ అడవుల విస్తీర్ణాన్ని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి లెక్కగడుతుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కి 405 చదరపు కిలోమీటర్లు అని వేశారు. ఉప్పు చిత్తడికి అలా క్రమం తప్పకుండా వచ్చే లెక్క లేదు. ఇస్రో వాళ్ళ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2011లో తెచ్చిన చిత్తడి నేలల అట్లాస్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక వర్గం ఇచ్చారు, అది మంచి పునాది. కానీ ఏటేటా ఏం జరుగుతోందో ఆ అట్లాస్ చెప్పదు. మరోవైపు తీరంలో ఏం కట్టొచ్చో ఏం కట్టకూడదో చెప్పే 2019 సీఆర్‌జడ్ నోటిఫికేషన్ ఉప్పు చిత్తడిని మడ అడవులతో సమానంగా మొదటి ఏ వర్గంలో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో పెట్టింది. చట్టం ఉంది కానీ, ఆ చట్టం ఏ సర్వే నంబరు దగ్గర మొదలై ఎక్కడ ఆగుతుందో చూపించే హద్దు చేతిలో ఉండాలి కదా. హద్దు లేకపోతే ఎండాకాలంలో అక్కడికొచ్చి చూసే అధికారికి పగుళ్ళిచ్చిన నేల, నాలుగు ఎర్రటి తుప్పలు మాత్రమే కనిపిస్తాయి. ఖాళీ స్థలం అనుకుంటారు. చెరువు తవ్వడానికో, షెడ్డు వేయడానికో, చివరికి మడ మొక్కలు నాటడానికో దానికే ఎసరు పెడతారు.

టీమ్ చిన్నదే. ఉపగ్రహ చిత్రాల పని నాది, మొక్కల పని బోటనీ మేడంది. ఇద్దరు ఎమ్మెస్సీ విద్యార్థులు, పడవ నడిపే బాబాయి. గ్రాంటు ఏమీ లేదు. చిత్రాలన్నీ ఉచితంగా దొరికేవే, ఖర్చంతా పడవకీ డీజిల్‌కీ.

నవంబర్: చిత్రాల ఎంపిక

ప్రధానంగా సెంటినెల్-2 వాడుతున్నాం. యూరప్ స్పేస్ ఏజెన్సీది, మొదటి ఉపగ్రహం 2015 జూన్‌లో వెళ్ళింది. మన తీరం మీదుగా ఐదు రోజులకోసారి, పొద్దున్న పదిన్నర ప్రాంతంలో పోతుంది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) బ్యాండ్లు, అంటే ఒక్కో రంగు కాంతికి విడిగా తీసిన కొలతలు, 10 మీటర్ల పిక్సెల్‌తో, అంటే చిత్రంలోని ఒక్కో గడి పదేసి మీటర్లతో వస్తాయి. మన లెక్కలో ఒక పిక్సెల్ అంటే సుమారు రెండున్నర సెంట్లు. అమెరికా వాళ్ళ పాత ఉపగ్రహ వరస ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, దాదాపు ఇరవై రెండు సెంట్లు. కోరంగి, గాడేరు పాయల వెంబడి ఉప్పు చిత్తడి చాలాచోట్ల సన్నటి పట్టీలా ఉంటుంది. ఇరవై రెండు సెంట్ల గడిలో సగం మడ, పావు నీళ్ళు, పావు ఇలకూర పడితే ఆ గడికి ఏ పేరూ సరిపోదు. అందుకే ఇప్పటి మ్యాప్‌కి సెంటినెల్, పాత చరిత్రకి మాత్రం ల్యాండ్‌శాట్ అని మొదట్లోనే అనుకున్నాం.

ఇదే పని మొదలుపెట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో విలువలు నిలవచేసే పద్ధతి మారింది, ప్రతి అంకెకీ వెయ్యి కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేయకుండా 2019 నుంచి 2024 దాకా గ్రాఫ్ గీస్తే ఆ తేదీ దగ్గర ఉన్నట్టుండి మెట్టు పడుతుంది. చూసినవాళ్ళకి మొక్కలకే ఏదో అయిందని అనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రాల్ని ఆన్‌లైన్‌లోనే లెక్కగట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో 'హార్మనైజ్డ్' అని ఉన్న కలెక్షన్ తీసుకుంటే ఆ సర్దుబాటు అందులోనే అయిపోయి ఉంటుంది.

ఎత్తుల సమాచారం కోసం ఎస్‌ఆర్‌టీఎం తెరిచి వెంటనే మూసేశాం. 2000 ఫిబ్రవరిలో షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులవి, తేడా మీటర్లలో ఉంటుంది. ఇక్కడ పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడాయే ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ. జానెడు ఎత్తు పెరిగితే మడ పోయి ఇలకూర వచ్చే నేల ఇది. పైగా రాడార్‌కి చాలాచోట్ల నేల కాదు, చెట్ల తలలే కనిపిస్తాయి. కాబట్టి ఎత్తు తెలుసుకోవడానికి వేరే దారి కావాలి. ఆ దారి పోటు లెక్కలో దొరికింది.

నవంబర్ చివర: పోటు లెక్క

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఉపగ్రహం సూర్యుడి గడియారం ప్రకారం తిరుగుతుంది, పోటు చంద్రుడి గడియారం ప్రకారం నడుస్తుంది. రెండు పోట్ల మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యం. ఉపగ్రహం మాత్రం ఎప్పుడొచ్చినా పదిన్నరకే వస్తుంది. ఐదు రోజుల తర్వాత మళ్ళీ వచ్చేసరికి పోటు నాలుగు గంటల పైచిలుకు వెనక్కి జరిగి ఉంటుంది. ఆ పై ఐదు రోజులకు ఎనిమిది గంటలు దాటుతుంది. మూడోసారి, పదిహేనో రోజుకి, పన్నెండున్నర గంటలు అవుతుంది. అంటే పోటు ఒక చుట్టు తిరిగి దాదాపు మొదటి చోటికే వచ్చేస్తుంది. తేడా పావుగంట లోపే.

అందువల్ల ఒక సీజన్ మొత్తం చూసినా ఉపగ్రహానికి ప్రధానంగా మూడు రకాల నీటిమట్టాలే కనిపిస్తాయి, అవి కూడా చాలా నెమ్మదిగా జరుగుతాయి. ఆ మూడింట్లో ఒకదాని మీద మబ్బు పడిందా, మరో పదిహేను రోజుల దాకా ఆ మట్టం మనకి కనిపించనట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ ఊళ్ళోనైనా అమావాస్య నాటి పోటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే టైముకి వస్తుంది, ఆ టైము ఊరిని బట్టి ఉంటుంది. కాబట్టి పదిన్నరకే చూసే ఉపగ్రహానికి అతి పెద్ద పోటు, అతి తక్కువ పాటు రెండూ పూర్తిగా దొరకవు. ఏళ్ళ తరబడి చిత్రాలు పోగేసినా ఇది మారదు.

ఇది బాబాయికి చెబితే ఆయనకి కొత్తగా ఏమీ అనిపించలేదు. "అష్టమికి నీరు ఊరకే ఉంటదండి, అటూ ఇటూ పెద్దగా కదలదు. మీ ఫొటో ఏ తిథికి తీశారో చెప్పండి, నీరు ఎంతుంటదో నేను చెప్తాను" అన్నాడు. అప్పట్నుంచి మా పట్టికలో ప్రతి చిత్రానికీ తేదీ పక్కన తిథి కూడా రాస్తున్నాం. పోటు ఎత్తు కోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అంచనాలు, సర్వే ఆఫ్ ఇండియా పట్టికలు చూసి, ఉపగ్రహం పోయిన నిమిషానికి లెక్కగట్టి వేస్తున్నాం. కాకినాడకి ఒక వెసులుబాటు ఉంది. భారత ప్రామాణిక కాలం రేఖ, 82.5 డిగ్రీలు, పక్కనుంచే పోతుంది కాబట్టి సూర్యుడి టైముకీ మన వాచీకీ పెద్ద తేడా ఉండదు.

మిగిలిన మట్టాల కోసం సెంటినెల్-1 తీసుకున్నాం. అది రాడార్ కాబట్టి మబ్బులతో పనిలేదు. దాని కక్ష్య తెల్లవారుజాము, సాయంకాలం మీదుగా పోతుంది, మన దగ్గర ఇంచుమించు ఆరు గంటల ప్రాంతం. పదిన్నరకీ ఆరుకీ నాలుగున్నర గంటల తేడా అంటే పోటులో వేరే దశ. రెండూ కలిపితే ఒక్కోదానితో దొరకని నీటిమట్టాలు చాలావరకు దొరుకుతున్నాయి. నున్నటి నీరు రాడార్‌లో నల్లగా వస్తుంది కాబట్టి తడిసిన చోటు గుర్తుపట్టడం తేలికే, గాలికి అలలు లేచిన రోజుల్లో తప్ప.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఒక పిక్సెల్ అన్ని చిత్రాల్లో ఎన్నిసార్లు నీట మునిగింది, ఆ సమయాల్లో పోటు ఎత్తు ఎంత అని చూస్తే ఆ నేల ఎంత ఎత్తులో ఉందో దానంతట అదే బయటపడుతుంది. రోజూ మునిగేది బురద మేట. తరచూ మునిగేది మడ. పక్షానికోసారి మునిగేది మనకి కావలసిన నేల. మీటర్లలో తప్పే ఎత్తుల మ్యాప్ కంటే ఈ మునకల లెక్క ఎంతో నమ్మకంగా ఉంది.

డిసెంబర్: గెడకి కెమెరా

అటవీశాఖ అనుమతి తీసుకుని లోపలికి వెళ్ళాం. డ్రోన్ ఆలోచన పక్కన పెట్టాం. అభయారణ్యం లోపల దానికి వేరే అనుమతులు కావాలి, పైగా వలస పక్షులు దిగే రోజులు. బదులుగా బాబాయి పడవ గెడనే వాడుకున్నాం. గెడ కొసకి ఫోను అడ్డంగా బిగించి, బ్లూటూత్ బటన్‌తో కిందికి ఫొటో తీస్తాం. నాలుగైదు మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోలో ఇలకూర ఎంత, ఖాళీ నేల ఎంత అని లెక్కపెట్టుకోవడానికి సరిపోతుంది.

ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పది మీటర్ల పిక్సెల్‌కి ఇది తక్కువ తేడా కాదు. అందుకని అన్ని వైపులా ముప్పై మీటర్లు ఒకే రకంగా ఉన్న చోటునే తీసుకుని, దాని నడిమధ్య పాయింట్ పెడుతున్నాం. పట్టీ సన్నగా ఉన్నచోట ఈ షరతు కుదరదు. అలాంటివి విడిగా రాసుకున్నాం. వాటితో మోడల్‌కి, అంటే పిక్సెల్ ఏ వర్గమో చెప్పే ప్రోగ్రామ్‌కి, నేర్పించం, మ్యాప్ హద్దు సరిచూడ్డానికి మాత్రం పనికొస్తాయి.

ఒక ప్లాట్ ఎలా ఉంటుందో రాస్తాను. కాలువ గట్టు దిగగానే అడుగు మునిగే బురద, దాని మీద పచ్చటి నాచు పొర. పది అడుగులు వేశాక నేల గట్టిపడుతుంది, పీతల బొరియల చుట్టూ చిన్న చిన్న మట్టి ఉండలు. అక్కడ సెసూవియం మొదలవుతుంది. లావుపాటి ఆకులు, ఎర్రటి కాడలు, కణుపు కణుపు దగ్గర వేళ్ళు దిగుతూ పాకుతుంది. ఇంకొంచెం పైకి పోతే ఇలకూర. ఆకు సూదిలా ఉంటుంది కానీ మెత్తగా, నీళ్ళతో నిండి ఉంటుంది. నలిపితే వేళ్ళకి ఉప్పునీరు అంటుకుంటుంది. దాని వెనక మొక్కలే లేని తెల్లటి ఉప్పు పొర. పాదం వేస్తే పొర పగిలి కింద తడి కనిపిస్తుంది. ఈ మొత్తం మార్పు ఇరవై ముప్పై అడుగుల లోపే అయిపోతుంది. పిక్సెల్ ఎంత ఉందో గుర్తు తెచ్చుకుంటే మా పని ఎందుకు కష్టమో తెలుస్తుంది.

ఆ నాచు పొర కూడా తిప్పలు పెట్టేదే. ఎన్‌డీవీఐ అంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్ నుంచి ఎరుపుని తీసేసి రెండింటి మొత్తంతో భాగించడం. పచ్చదనానికి అందరూ వాడే కొలత. బురద మీద నాచు ఉన్నా అది కొద్దిగా పైకి లేస్తుంది, పల్చగా ఉన్న ఇలకూరకీ దాదాపు అంతే వస్తుంది. అంకె చూసి రెండింటినీ విడదీయలేం. కానీ నాచు రోజూ మునిగే చోట ఉంటుంది, ఇలకూర పక్షానికోసారి మునిగే చోట ఉంటుంది. మునకల లెక్క ఇక్కడే మొదటిసారి అక్కరకొచ్చింది.

జనవరి 2025: కూర కోసేవాళ్ళ మాట

చిత్తడిలో ఇద్దరు ఆడవాళ్ళు ఇలకూర కోస్తూ కనిపించారు. ఆ కూరని పప్పులో వేసి వండుకుంటారు, ఉప్పు విడిగా వేయక్కర్లేదు. మేడం వాళ్ళతో చాలాసేపు మాట్లాడింది.

"ఎప్పటిదాకా కోస్తారు పిన్నీ?"

"ఈ చలిరోజులే నండమ్మా. శివరాత్రి దాటిందంటే ఎర్రబడిపోద్ది, అప్పుడు నోట్లో పెట్టలేం. మళ్ళీ వానలు పడి ఉప్పు కడుక్కుపోయాకే కొత్త మొలకలు."

"అన్ని చోట్లా ఒకేసారి ఎర్రబడుతుందా?"

"లేదమ్మా. ముందు ఆ తెల్లమట్టి పక్కన ఎర్రబడుద్ది. కాలవ అంచున ఉన్నది ఉగాది దాకా పచ్చగానే ఉంటది."

మేము ఏడాది చిత్రాలు పేర్చి రాబట్టాలనుకున్న క్రమం మొత్తం ఈ నాలుగు మాటల్లో ఉంది. వానల తర్వాత మొలక, చలికాలం పచ్చదనం, శివరాత్రి నుంచి ఎరుపు, ఆ ఎరుపు ఉప్పు ఎక్కువున్న చోట మొదలై కాలువ వైపు రావడం. మడ ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. బురద ఏడాది పొడుగునా బురదే. ఈ క్రమంలో రంగు మార్చుకునేది ఉప్పు చిత్తడి ఒక్కటే. కాబట్టి పిక్సెల్‌ని గుర్తుపట్టడానికి ఒక రోజు రంగు కంటే ఏడాది నడక ముఖ్యం. నెలకో మబ్బులేని మిశ్రమ చిత్రం చేసి పన్నెండు నెలల వరసనే మోడల్‌కి ఇవ్వాలని ఇక్కడ తేల్చుకున్నాం.

వాళ్ళు కోసే చోట్లు మ్యాప్‌లో పెట్టడానికి ఒప్పుకున్నారు, కానీ బయటికి ఇవ్వొద్దన్నారు. న్యాయమే. ఆ పాయింట్లు మా దగ్గరే ఉంటాయి.

మార్చి: ఎర్రబడిన మొక్కని ఉపగ్రహం ఎలా చూస్తుంది

పిన్ని చెప్పినట్టే శివరాత్రి తర్వాత తెల్లమట్టి పక్కన ఎరుపు మొదలైంది. ఉప్పు పెరిగినప్పుడు ఇలకూర ఆకుల్లో బీటాసయానిన్ అనే ఎర్ర రంగు పదార్థం పోగవుతుంది. బీట్‌రూట్‌కి రంగునిచ్చే కుటుంబమే. మొక్క చావలేదు, బతికే ఉంది. కానీ ఎరుపు కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతుంది కాబట్టి ఎన్‌డీవీఐ పడిపోయి బురద స్థాయికి వచ్చేస్తుంది. వేసవిలో తీసిన ఒక్క చిత్రం, ఒక్క ఎన్‌డీవీఐ పెట్టుకుని గీసిన మ్యాపుల్లో ఈ నేల బోడి నేలగా మారిపోయేది ఇందుకే. వేసవిలోనే మబ్బులుండవు కాబట్టి ఎక్కువమంది ఆ చిత్రాలే తీసుకుంటారు. ఈ నేలకి కాగితం మీద అన్యాయం జరిగేది సరిగ్గా అక్కడే.

దీనికి సెంటినెల్-2లో ఉన్న రెడ్ ఎడ్జ్ బ్యాండ్లు ఉపయోగపడ్డాయి. ఎరుపుకీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్యలో 705, 740, 783 నానోమీటర్ల దగ్గర మూడు కొలతలు. బతికున్న ఆకు ఏదైనా ఈ మూడింటి మధ్య విలువ చకచకా పైకి ఎక్కుతుంది. ఎర్రబడిన ఇలకూరలో కూడా ఆ ఎక్కుడు ఉంది, పచ్చగా ఉన్నప్పటి కంటే తక్కువే కానీ బురదలో లేనంత. రెండోది 1610 నానోమీటర్ల షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. ఎండిన ఉప్పు మట్టి ఈ కాంతిని బాగా తిప్పి పంపుతుంది, నీళ్ళు నిండిన ఆకు మింగేస్తుంది. తడి బురద కూడా మింగేస్తుంది, కానీ దానికి రెడ్ ఎడ్జ్ ఎక్కుడు ఉండదు. ఈ రెండూ కలిపి చూస్తే ఎర్రటి ఇలకూర ఎండు మట్టి నుంచీ తడి బురద నుంచీ విడిపోతోంది.

ఈ బ్యాండ్లు 20 మీటర్లవి, అంటే పది సెంట్ల గడి. సన్నటి పట్టీల దగ్గర అది ఇబ్బందే. అందుకని హద్దు గీతని 10 మీటర్ల బ్యాండ్లతో, లోపల ఏముందో చెప్పడాన్ని 20 మీటర్ల బ్యాండ్లతో చేస్తున్నాం.

ఏప్రిల్: చెరువులు

చిక్కంతా చెరువులతోనే. నీరు నిండిన రొయ్యల చెరువుని ఎవరైనా గుర్తుపడతారు. పంట తీసి ఎండగట్టిన చెరువు అడుగున మాత్రం ఉప్పు మట్టి, దాని మీద రెండు మూడు నెలల్లో ఇలకూర మొలుస్తుంది. వదిలేసిన చెరువైతే చెప్పక్కర్లేదు. మొక్క అదే, రంగు అదే, నేల అదే. పిక్సెల్ లోపల చూస్తే తేడా లేదు.

తేడా నీరు వచ్చే తీరులో ఉంది. చిత్తడిలోకి నీరు తిథిని బట్టి వచ్చి పోతుంది. చెరువులోకి రైతు తూము ఎత్తినప్పుడో, మోటారు వేసినప్పుడో వస్తుంది, వస్తే నెలల తరబడి ఉంటుంది. సెంటినెల్-1 వరసని పోటు ఎత్తుల పక్కన పెట్టి చూశాం. నీరు పోటుతో పాటు కదిలితే చిత్తడి, పోటుతో సంబంధం లేకుండా నిలబడితే చెరువు. గట్ల సరళరేఖలు కూడా కొంత సాయం చేస్తాయి, అయితే రాడార్‌లో గట్టు మెరుపు అన్ని దిక్కులా ఒకేలా రాదు కాబట్టి దాని మీదే ఆధారపడలేదు.

ఎండు చెరువుల్ని చిత్తడి కింద కలిపేస్తే మ్యాప్‌లో విస్తీర్ణం చక్కగా పెరిగి కనిపిస్తుంది, అసలైన చిత్తడి పోతున్న సంగతి దాని కింద దాగిపోతుంది. అందుకే ఈ ఒక్క వర్గం మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాం.

మే: వర్గీకరణ

పిక్సెళ్ళని వర్గాలుగా విడదీయడానికి రాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాల ఓట్లతో వర్గం తేల్చే పద్ధతి) వాడాం. 2001 నాటి పద్ధతి, ఇంకా బాగానే పనిచేస్తుంది. మా దగ్గరున్నన్ని పాయింట్లకి డీప్ లెర్నింగ్ అవసరం లేదు. పరీక్ష పాయింట్లని మాత్రం యాదృచ్ఛికంగా విడదీయలేదు. పక్కపక్కనే ఉన్న రెండు పాయింట్లలో ఒకటి నేర్పడానికి, ఒకటి పరీక్షకి వెళ్తే మోడల్‌కి ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు అవుతుంది. ఒక పాయ మొత్తం నేర్పడానికి, ఇంకో పాయ మొత్తం పరీక్షకి పెట్టాం. ఇలా చేస్తే మార్కులు తగ్గుతాయి, కానీ వచ్చిన మార్కుని నమ్మొచ్చు.

విస్తీర్ణం అంకెని ఇప్పుడే బయటపెట్టడం లేదు. పిక్సెళ్ళు లెక్కపెట్టి వందతో గుణిస్తే వచ్చేది విస్తీర్ణం కాదు, మ్యాప్‌లోని తప్పులు కూడా అందులో కలిసి ఉంటాయి. స్వతంత్రంగా తీసిన నమూనాతో సరిదిద్ది, అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో కలిపి చెప్పాలి. ఆ నమూనాకి ఇంకో చలికాలం ఫీల్డ్ కావాలి. 2024లో వచ్చిన ప్రపంచ మ్యాప్ ఒకటి ఇదే 10 మీటర్ల చిత్రాలతో మడ కాకుండా ఇలాంటి పోటు చిత్తళ్ళే (టైడల్ మార్ష్) 52,880 చదరపు కిలోమీటర్లు అని తేల్చింది. గొప్ప పని. అయితే ప్రపంచం మొత్తానికి ఒకే కొలబద్ద పెట్టినప్పుడు మడ వెనక దాక్కునే మన లాంటి సన్నటి చిత్తళ్ళకి స్థానికంగా పాయ పాయా తిరిగి చూడటం తప్పదు.

మడ నాటడం గురించి ఒక మాట రాయాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మడ నరికేశాక ఉప్పు పేరుకున్న నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు మళ్ళించి, తెల్లమడ నాటారు. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, గ్రామస్థులు కలిసి చేసిన మంచి పని అది. పై నుంచి చూస్తే ఆ ముళ్ళ వరసలు పచ్చగా కనిపిస్తాయి. ఒకప్పుడు మడ ఉన్న చోట అది సరైన వైద్యమే. ఎప్పుడూ మడ లేని, సహజంగా ఇలకూర నేల అయిన చోట మాత్రం అదే పని చేస్తే ఒక ఆవాసాన్ని తీసి ఇంకోటి పెట్టినట్టు. పోటు సమయంలో ఉల్లంకులు, చిన్న కొంగలు ఈ బయలులోనే నిలబడతాయి, దట్టమైన మడలో వాటికి చోటుండదు. నాటే ముందు ఆ చోట పాతికేళ్ళ కిందట ఏముందో చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

జూన్

మబ్బులు వచ్చేశాయి. సెంటినెల్-2 చిత్రాలు దాదాపు లేనట్టే. రాడార్ ఒక్కటే నడుస్తోంది. కోడ్ శుభ్రం చేసి, ఫొటోలకి పేర్లు పెట్టడంతో నెల గడిచింది.

జులై: పాత చిత్రాలు

పాతికేళ్ళ కిందట ఏముందో చూడ్డానికి ల్యాండ్‌శాట్ 5. 1984 నుంచి 2013 దాకా పనిచేసింది, 2008 నుంచి దాని చిత్రాలు ఉచితం. రెడ్ ఎడ్జ్ లేదు, పిక్సెల్ పెద్దది, చిత్రాలు తక్కువ. అందుకని అప్పటి చిత్తడిని ఇప్పటంత సన్నగా విడదీసే ప్రయత్నం చేయలేదు. ఒక్క ప్రశ్నే అడిగాం: ఇప్పుడు చెరువుగా ఉన్న ఈ గడిలో అప్పుడు పోటు నీరు వచ్చిపోయేదా? చిత్రాల్లో మొదటి గళ్ళు 1990ల మొదట్లో టైగర్ రొయ్య రోజుల్లో కనిపిస్తాయి. తర్వాత వైరస్ తెగులు, 1996 డిసెంబర్‌లో తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక గళ్ళు మళ్ళీ చిక్కబడతాయి. గట్టు లోపల ఏ పంట వేశారన్నది మా ప్రశ్న కాదు. గట్టు వేసిన రోజున పోటు ఆగిపోయింది, మా మ్యాప్‌కి అదే తేదీ.

30వ తేదీ సాయంత్రం శ్రీహరికోట నుంచి నైసార్ ఎగిరింది. నాసా, ఇస్రో కలిసి చేసిన రాడార్. అందులో ఎల్ బ్యాండ్ తరంగం పొడవు 24 సెంటీమీటర్లు, సెంటినెల్-1 తరంగం ఐదున్నర సెంటీమీటర్లే. పొడవాటి తరంగం మడ కొమ్మల్ని దాటి కింద నిలిచిన నీటిని పట్టుకోగలదు. మడ లోపల దాక్కున్న చిత్తడి ముక్కలకి అది పనికొస్తుందని గట్టి ఆశ.

ఆగస్టు: ఊళ్ళో మ్యాప్

పెద్ద షీటు మీద ప్రింట్ తీసి తాళ్ళరేవు మండలంలోని ఒక ఊరి రామాలయం అరుగు మీద పరిచాం. కాలువల పేర్లు మేము రాసినవి రెండు మార్చారు. పాత ఉప్పు మడులు ఉన్న చోటు ఒకటి చూపించారు, ఇప్పుడది మా మ్యాప్‌లో బోడి నేల. ఒక పెద్దాయన మేము చెరువు అని నీలం వేసిన చోట వేలు పెట్టి, "ఇది చెరువు కాదండీ ఇప్పుడు. వరదకి గట్టు తెగిపోయింది, ఎవరూ కట్టలేదు. పోటు లోపలికి వస్తోంది, మా గేదెలు అక్కడే మేస్తన్నాయ్" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ గడి రాడార్ వరస తీసి చూశాం. గట్టు తెగకముందు నీరు నెలల తరబడి కదలకుండా ఉంది. తర్వాత పోటు ఎత్తుతో పాటు లేస్తూ పడుతూ ఉంది. ఆ మలుపు వరసలో స్పష్టంగా కనిపిస్తోంది. అంటే గట్టు తెగి, చిత్తడి తనంతట తానే తిరిగి వస్తున్న చెరువుల్ని ఊరూరా తిరగకుండానే వెతకొచ్చు. మ్యాప్‌లో ఆరో వర్గం చేర్చాం: పోటు తిరిగొచ్చిన చెరువు. గౌతమి పాయ నుంచి భైరవపాలెం దాకా ఇలాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో జాబితా తయారవుతోంది. వానలు తగ్గి మొలకలు రాగానే వాటి దగ్గరికే ముందు వెళ్ళాలి. గట్లు మళ్ళీ కట్టేలోపు అక్కడ ఏ మొక్క ముందు వస్తోంది, ఎంత వేగంగా పరుచుకుంటోంది అన్నది గెడ కెమెరాతో రికార్డు చేసి, ఆ హద్దులు అటవీశాఖకీ పంచాయతీకీ ఇవ్వడం తర్వాతి పని.